ఎడమ చేయి చూసినవాళ్లకు

హైదరాబాదు జిల్లా, తాండూరు బస్తీ, రైల్వే స్టేషన్ వెనుక గల్లీలో కాపురముంటున్న జంగప్ప అను నేను, తండ్రి కీర్తిశేషులు బీరప్ప, వయస్సు సుమారు యాభై ఎనిమిది, వృత్తి గారడీ, ప్రస్తుతం వికారాబాదు దగ్గర అనంతగిరి దవాఖానలో మంచం పట్టి ఉండి, మంచీ చెడూ తెలిసిన బుద్ధితో, ఎవరి బలవంతమూ బోధనా లేకుండా, నా చేతితో నేనే రాసుకున్న వీలునామా ఇది. ఇంతకు ముందు నేను ఏదైనా రాసి ఉంటే అది చెల్లదు. రాయలేదు కూడా.

నా బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరు గారు రాసిచ్చిన కాగితం దీనికి జతపరిచాను. తాండూరు బజారు మాత్రం వేరే విధంగా తేల్చింది. క్షయ నా గొంతుకు పాకి మాట పడిపోతే, ఎవరో బాణామతి చేసి నా నోరు కట్టేశారని అన్నది. ఎవరు? గొంగళ్ల ఈరయ్య. వికారాబాదు నుంచి ప్రతి వారపు అంగడికీ వచ్చి, గొంగళ్లు అమ్ముకుంటూ, నా ఆట చుట్టూ మూగిన జనంలో నిలబడి నన్ను దొంగ అని తిట్టే ఈరయ్య. అతను నాకు జన్మశత్రువని నాలుగు అంగళ్లకూ తెలుసు. నేను చచ్చిన రోజున అతని నోట్లో పన్ను ఒక్కటీ మిగల్చకుండా పీకాలని, పళ్లు పోతే మంత్రం పలకదని, నా మేనల్లుడు బాల్‌రాజ్ పటకారు తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. ఒక పల్లెలో ఇట్లాగే పీకితే, ఒక ముసలామె వారం తిరక్కుండా పోయింది. ఆ పటకారు కోసమే ఈ వీలునామా. ఇల్లూ వాకిలీ పంచడం దాని పక్కన చిన్న పని.

బతికుండగానే ఎందుకు చెప్పలేదని అడిగే తెలివైనవాళ్లుంటారు. చెప్పాను. పోయిన నెల పలక మీద, ఈరయ్య నాకు ఏమీ చేయలేదని బలపంతో రాసి చూపించాను. బాల్‌రాజ్ ఆ పలక పట్టుకుని బజారంతా తిరిగి, "సూడుండ్రి, మామ చెయ్యి గూడ వాడే పట్టి రాపిస్తుండు" అన్నాడు. జనం నిజమే నిజమే అని తలలూపారు. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర లేదని వకీలు చెప్పినా అందుకే తెప్పించాను. మా వాళ్లు మనిషి మాట నమ్మరు గానీ సింహాల బొమ్మను నమ్ముతారు. సర్కారు కాగితం మీద బాణామతి పారదని వాళ్లకు గట్టి నమ్మకం.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత ఈ దవాఖానలో నర్సు పని చేసే మోమిన్‌పేట ఇంద్రమ్మకు అప్పగిస్తున్నాను. నా ఆట ఆమె ఎన్నడూ చూడలేదు. ఒకనాడు మందు సీసా మూత ఆమె కళ్ల ముందే మాయం చేశాను. "మూత ఇయ్యి, నాకు మస్తు పనున్నది" అన్నది. ఎట్లా చేశావని అడగలేదు. నా ప్రాణం పోయిన వెంటనే ఆమె ముందుగా పోలీసు అమీన్ గారికి కబురు పంపాలి. ఆ తర్వాతనే తాండూరుకు తెలియజేయాలి. శవాన్ని నా ఇంటి ముందు దించాక, ఈ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా అందరికీ వినబడేట్టు చదివించాలి. చదవడం పూర్తయ్యేదాకా పాడె కట్టరాదు. ఏడ్చేవాళ్లు అప్పటిదాకా ఆగగలరు, నాకు తెలుసు.

2. స్టేషన్ వెనుక గల్లీలోని ఇల్లు, వాకిట్లో పరిచిన నాపరాళ్లు, రెండు మేకలు, ఇంటి సామాను సమస్తం నా భార్య శంకరమ్మకు సర్వహక్కులతో చెందుతాయి. అమ్ముకున్నా, ఎవరికైనా ఇచ్చుకున్నా ఆమె ఇష్టం. "అత్తా, నీకు సదువు రాదు, కాగితాలు నేను సూసుకుంట" అని బాల్‌రాజ్ వస్తే తలుపు వేసుకోవలసింది.

శంకరమ్మ కొప్పులో నుంచి నిజాం నాటి హాలీ రూపాయి తీసే ఆట ఒకటుంది. అది అంగట్లో ఎప్పుడూ ఆడలేదు. ఇంట్లో, ఆమె అలిగినప్పుడు మాత్రమే. పెళ్లైన కొత్తలో ఒకసారి, ఎట్లా తీస్తావని అడిగింది. నేను చెప్పబోతుంటే తనే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "వద్దు, చెప్పకు. తెలిస్తే నాకు నవ్వు రాదు" అన్నది. గుట్టు గురించి నా జన్మలో నేను విన్న తెలివైన మాట అదొక్కటే. కింద చాలా గుట్లు విప్పబోతున్నాను. ఆ ఒక్కటి విప్పను. ఆ రూపాయి ఆమెకే ఇస్తున్నాను. ఆమె మీద నాకు చాలా ప్రేమ. మాట ఉన్నన్ని రోజులు ఆ సంగతి చెప్పడానికి తీరిక దొరకలేదు, ఆటలో పడి.

3. తాండూరు, వికారాబాదు, బంట్వారం, మోమిన్‌పేట అంగళ్లలో నా ఆట చూసిన జనానికి ఆస్తిలో వాటా ఏమీ లేదు. కొంచెం అసహ్యం ఉంది, అందరూ సమానంగా పంచుకోవచ్చు.

ఆట కాగానే నా పెట్టె చుట్టూ చేరి, "జర గుట్టు చెప్పరాదె" అని చేతులు పట్టుకునేవాళ్లు మీరు. "ఎవ్వలకు చెప్ప, మా పిల్లల మీద ఒట్టు" అనేవాళ్లు. రెండు నిమిషాల సరదా కోసం కన్నపిల్లల మీద ఒట్టు వేసేవాడికి ఏం చెప్పాలి? అయినా ఒకసారి చెప్పి చూశాను. మోమిన్‌పేట అంగట్లో ఒక పెద్దరైతు, నా చేతిలో గుడ్డు దానంతటదే నడవడం చూసి, నా వెంట మూడు అంగళ్లు తిరిగాడు. పోనీ పాపమని, నల్లదారం ఉందని చూపించాను. "గింతేనా!" అన్నాడు. ఆ ముఖం చూడాలి. నేనేదో అతని ఎద్దును దొంగిలించినట్టు చూశాడు. తర్వాతి వారం ముందు వరుసలో కూర్చుని, దారం, దారం అని పక్కవాళ్లకు చెప్పుకుంటూ, తానే కనిపెట్టినట్టు మీసం దువ్వాడు. ఆ పక్కవాళ్లకూ ఆట పోయింది, అతనికీ పోయింది. మళ్లీ వారం రాలేదు.

అప్పుడు నాకు తెలిసింది. గుట్టు అడిగేవాడికి తెలుసుకోవాలని ఉండదు, తను మోసపోలేదని అనిపించుకోవాలని ఉంటుంది. తెలుసుకోవాలని ఉన్నవాడు ఇంటికి పోయి రూపాయి పట్టుకుని వేళ్లు నొప్పి పుట్టేదాకా తిప్పుకుంటాడు. అట్లాంటివాడు ఒక్కడు వచ్చినా చెప్పేవాణ్ని. రాలేదు. అందుకని ఎవరికీ చెప్పకూడదని నియమం పెట్టుకున్నాను. ఈ రోజు ఆ నియమం తప్పుతున్నాను, మీ మీద ప్రేమతో కాదు.

4. నాపరాళ్ల కంట్రాక్టరు కిష్టయ్య సేటుకు, నా ఇంటి గుమ్మానికి ఆయన కట్టించిన నిమ్మకాయలు, మిరపకాయలు, అవి ఏ స్థితిలో ఉన్నా, తిరిగి ఇచ్చేయాలి. ఈయన పేపరు చదువుతాడు. చదివింది నలుగురికీ చెబుతాడు. "జంగప్పా, నువ్వు గుట్టు చెప్తే జనంల మూఢనమ్మకాలు పోతయ్, దేశం ముందుకు పోతది" అని ఎన్నిసార్లు నా బుర్ర తిన్నాడో. దేశం నా నల్లదారం కోసం ఆగి ఉన్నట్టు. నాకు మాట పడిపోయిన తర్వాత బాణామతి అనే మాట బజారులో మొదట అన్నది ఎవరని ఇంద్రమ్మ విచారిస్తే, ఈయన దుకాణం అరుగు దగ్గర తేలింది. "నేను నమ్మ గాని, ఎందుకైన మంచిది" అన్నాడట. నమ్మకుండా నిమ్మకాయలు కట్టే మనిషి. నమ్మి కట్టేవాడే నయం.

5. మేనల్లుడు బాల్‌రాజ్‌కు నా చెక్కపెట్టె ఇస్తున్నాను. నేను దవాఖానలో చేరిన వారంలోనే, దాని అడుగున దొంగతలుపు ఉందని, అతను ఉలి పెట్టి అడుగు చెక్క మొత్తం ఊడదీశాడని శంకరమ్మ చెప్పింది. తలుపు లేదు. ఎన్నడూ లేదు. ఇప్పుడు అడుగు కూడా లేదు. దాన్ని బాగు చేయించుకుని వాడుకోవచ్చు, అందులో పటకారు పెట్టుకోవచ్చు. పెట్టెలో తలుపు ఉందని అతనికి ఎవరు చెప్పారో ఈ కింద ఉంది, శ్రద్ధగా వినాలి.

అక్క పోయిన తర్వాత అతన్ని నేనే పెంచాను. అన్నం పెడితే తిన్నాడు, ఆట నేర్పబోతే ఆవలించాడు, గుట్టు మాత్రం అడిగాడు. నా మీద ప్రేమతోనే ఈరయ్య పళ్లు పీకుతానంటున్నాడని శంకరమ్మ అంటుంది. కావచ్చు. ప్రేమ ఉన్నవాడు పలక మీద రాసింది చదువుతాడు.

6. ఇప్పుడు గుట్టు. నా గుట్టు పేరు ఈరయ్య.

నలభై ఎనిమిదిలో, పోలీసు చర్య అయిపోయి, భయం తీరి, అంగళ్లు మళ్లీ మెల్లగా నిండుతున్న రోజులు. తాండూరులో హాలీ రూపాయిని మాయం చేసే ఆట ఆడుతున్నాను. చెయ్యి చెమట పట్టి, కుడి అరచేతిలో దాచిన రూపాయి జారి అంచు బయటపడింది. పనైపోయిందనుకున్నాను. అప్పుడు జనం వెనుక నుంచి, నెత్తిన గొంగళ్ల మూటతో ఒకడు, "ఓ దొంగ గారడోడా! ఎడమ చేతుల ఉన్నది, ఎడమ చెయ్యి ఇప్పమనుండ్రి!" అని అరిచాడు. తలలన్నీ నా ఎడమ చేతికి తిరిగాయి. నేను తీరిగ్గా కుడి చెయ్యి సర్దుకున్నాను. ఎడమ చెయ్యి విప్పి చూపించాను, ఖాళీ. చప్పట్లే చప్పట్లు. ఈరయ్య నిజంగానే పొరబడ్డాడు. అంత గట్టిగా, అంత నమ్మకంగా పొరబడే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. సాయంత్రం ప్యాసింజరు బండిలో అతని పక్కన చోటు చూసుకుని కూర్చుని, ప్రతి అంగట్లో ఇట్లాగే పొరబడతావా అని అడిగాను. ధారూరు స్టేషన్ వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

ఈ పదమూడేళ్లలో అతను తిట్టిన ప్రతి తిట్టూ మేమిద్దరం ధారూరు స్టేషన్ బల్ల మీద కూర్చుని, రొట్టె తింటూ అనుకున్నదే. ఎడమ చెయ్యి అని అరిస్తే పని కుడి చేతిలో జరుగుతోందన్నమాట. పెట్టె అడుగున తలుపు ఉందని అరిస్తే, మీరందరూ వంగి పెట్టె అడుగు చూస్తారు, పని మీ మధ్యనే జరుగుతుంది. నమ్మకపోతే కిష్టయ్య సేటు తన ఉంగరం సంగతి గుర్తు చేసుకోవాలి. పెట్టెలో వేసిన ఉంగరం ఆయన రుమాలు మడతలో దొరికింది. ఇప్పటికీ పెళ్లిళ్లలో ఆ కథ చెబుతుంటాడు. ఉంగరం పెట్టెలో పడనే లేదు. నేను ఆడుతూ గొంగళ్ల మూటకు తగిలాను, ఈరయ్య నన్ను తిట్టి తోశాడు, ఆ తోపులో ఉంగరం అతని చేతికి పోయింది. తర్వాత సేటు భుజం తట్టి, "సేట్, గీ మందిల తెలివైనోళ్లు మీరొక్కలే, వీని మాటల పడకుండ్రి" అన్నది ఎవరు? రుమాలు జారిందని సర్దింది ఎవరు? ఆ రోజు మెప్పు విని సేటు ఎంత మురిసిపోయాడో నేను ఎదురుగా చూశాను. మెచ్చుకునేవాడి చేతుల వైపు ఎవరూ చూడరు.

గుట్టు మీ మధ్యనే నిలబడింది. మీ లాంటి ధోవతి కట్టుకుంది. మీరు దానికి బీడీ ఇచ్చారు. ఇప్పుడు గింతేనా అనండి.

ఈ ఆట కోసం మేమిద్దరం చాలా పోగొట్టుకున్నాం. ఊళ్లో ఎదురైతే పలకరించుకోలేదు. శంకరమ్మ ఒకసారి అతని మీద ఎంగిలి గిన్నెలు కడిగిన నీళ్లు పోసింది. నా భార్య కదా, నాకు గర్వమూ వేసింది, ఏడుపూ వచ్చింది. వికారాబాదులో అతని బిడ్డ పెళ్లికి నన్ను పిలవలేదు, పిలిస్తే గుట్టు పోతుంది. పందిరి ఎదురుగా రోడ్డు మీద డమరుకం వాయిస్తూ ఆట మొదలుపెట్టాను. ఈరయ్య కర్ర పట్టుకుని ఊగుతూ వచ్చి, "నా బిడ్డ పెండ్లి కాడ గూడ నీ దొంగాటనేనా, తీస్కపోయి తిని సావు!" అని ఒక మూట నా మొహాన కొట్టాడు. పెళ్లివాళ్లందరూ నవ్వారు. మూటలో భక్షాలు, నెయ్యి ఉన్నాయి. వేడిగా ఉన్నాయి. రైలు కట్ట పక్కన కూర్చుని తిన్నాను.

7. ఈ గుట్టు విప్పడానికి ఈరయ్య ఒప్పుకోలేదని కూడా రాయడం ధర్మం. దవాఖానకు రెండుసార్లు వచ్చాడు, తల మీదుగా గొంగడి కప్పుకుని. పటకారు సంగతి అతనికి తెలుసు. "జంగన్నా, పండ్లు ఎన్నడన్న ఊడేటియే. నువ్వు గుట్టు ఇప్పితే నేనేమైత? గీ నాలుగు అంగళ్లల్ల మోసపోనోడు ఈరయ్య ఒక్కడే అంటరు. నాకున్నది గా పేరొక్కటే. గదిగూడ తీస్తవా?" అన్నాడు. అతను చెప్పింది నిజమే. నా మాట పోవడానికి క్షయ కావలసి వచ్చింది, అతని పేరు పోవడానికి నా చేతిరాత చాలు.

అయినా రాస్తున్నాను. గుట్టు చెప్పడం తప్పని జీవితమంతా అన్నవాణ్ని, ఈ రోజూ అంటాను. కానీ గుట్టు కాపాడడానికి ఒక మనిషి నోరు నెత్తురు కక్కుతుంటే, ఆ గుట్టును పాడెలో నాతో పాటు తీసుకుపోవడం నా చేత కాదు. నాకు ఈరయ్య కావాలి, జొన్నరొట్టె నమిలి తినే ఈరయ్య. కోపం వస్తే తిట్టుకోనీ. తిట్టడం అతనికి కొత్తేమీ కాదు. ఒక్క మాట మాత్రం ఈ జనానికి చెబుతున్నాను. మోసపోనివాడు అతనొక్కడే అన్నది అబద్ధం కాదు. మొదటి రోజు తప్ప, ఎప్పుడూ నా అసలు చెయ్యిని చూస్తూ ఉన్నది అతనొక్కడే.

8. నా డమరుకం, రైల్వే గార్డు దగ్గర కొన్న నల్లకోటు, ఆటకు వాడే తక్కిన సామాను ఈరయ్యకు చెందుతాయి. నాకు కొడుకులు లేరు. నిప్పుకుండ పట్టుకుని శవం ముందు నడిచే హక్కు మేనల్లుడిదని బజారు అనుకుంటోంది. ఆ హక్కు కూడా ఈరయ్యకే రాసి ఇస్తున్నాను. పదమూడేళ్లు జనం వెనుక నిలబడ్డాడు, ఒక్కరోజు ముందు నడవనీ. కులం కాదనీ, వావి కాదనీ అడ్డుపడే పెద్దలుంటే, వాళ్లు నాకు ఏమవుతారో ముందు చెప్పాలి. ఈరయ్య మీద ఎవరు చెయ్యి వేసినా, వాళ్లను పురికొల్పింది బాల్‌రాజేనని అమీన్ గారు ఈ కాగితాన్ని నా వాంగ్మూలంగా తీసుకోవచ్చు. అప్పుడు అడుగు లేని పెట్టె కూడా అతనికి లేదు.

ఆస్తిలో భాగం పొందేవాడు సాక్షి సంతకం చేస్తే ఆ భాగం చెల్లదని వకీలు చెప్పాడు. అందువల్ల, నా ఆటకు మొదటి నుంచీ సాక్షిగా ఉన్నవాడి సంతకం కింద కనిపించదు.

9. చివరిది. పాడె లేపే ముందు, ఈరయ్య నిప్పుకుండ కాసేపు కింద పెట్టి, ఎప్పటిలాగే జనం వెనక్కి పోయి, ఒకసారి గట్టిగా అరవాలి: "ఓ దొంగ గారడోడా! సచ్చినట్టు ఆడుతుండు! ఎడమ చెయ్యి ఇప్పమనుండ్రి!"

మీరంతా నా ఎడమ చెయ్యి చూస్తారు. ఇంత చదివి వినిపించాక కూడా చూస్తారు, మిమ్మల్ని నేను ఎరుగుదును. ఈరయ్య ఒక్కడు కుడి చెయ్యి చూస్తాడు. ఈసారి అందులో ఏమీ ఉండదు.

ఇది నేను చదువుకుని, సరిగా ఉందని తెలుసుకుని, కింది సాక్షుల ఎదుట చేవ్రాలు చేశాను.

అనంతగిరి దవాఖాన, వికారాబాదు.
1961వ సంవత్సరం, ఫిబ్రవరి 11వ తేదీ, శనివారం.

(చేవ్రాలు) జంగప్ప

సాక్షులు:
1. భీమప్ప, తండ్రి మల్లయ్య, బంట్వారం. పక్క మంచం రోగి. గుట్టు చెప్పమని అడిగినవాడే.
2. రాధమ్మ, దవాఖాన వంటమనిషి, వికారాబాదు. వేలిముద్ర.